సేవలోంచి పుట్టిన పండుగ

మే నెల రెండో ఆదివారం మన చర్చిల్లో ఎంతో సందడి. తల్లులను వేదిక మీదికి పిలిచి పూలిస్తాం, శాలువాలు కప్పుతాం, సండేస్కూలు పిల్లలతో పాటలు పాడిస్తాం. అదంతా మంచిదే. కాని ఈ 'మదర్స్ డే' ఏ తల్లి జ్ఞాపకార్థం మొదలైందో, ఆమె ఏం చేసిందో మనలో చాలామందికి తెలియదు.

ఆమె పేరు ఆన్ రీవ్స్ జార్విస్. 1832లో అమెరికాలోని వర్జీనియాలో ఒక మెథడిస్టు పాస్టరు గారింట పుట్టింది. 1850లో గ్రాన్విల్ జార్విస్‌ను పెళ్లాడి, ఇప్పటి వెస్ట్ వర్జీనియాలోని కొండ ప్రాంతంలో కాపురం పెట్టింది. పదిమందికి పైగా బిడ్డలను కన్నా, పెరిగి పెద్దవారైంది నలుగురే. తట్టు, టైఫాయిడ్, డిఫ్తీరియా వంటి జబ్బులు ఆ రోజుల్లో పసివాళ్లను ఇంటింటా బలి తీసుకునేవి. కడుపుకోత ఆమెను కుంగదీసింది కాని కూర్చోబెట్టలేదు. తన బిడ్డలు పోయిన తీరుగా పొరుగింటి బిడ్డలు పోకూడదనుకుంది.

1858లో ఆమె చుట్టుపక్కల ఊళ్లలోని తల్లులను కూడగట్టి సంఘాలు పెట్టింది. డాక్టరైన ఆమె అన్న జేమ్స్ రీవ్స్ సలహాలిచ్చేవాడు. ఆ స్త్రీలు ఇంటింటికీ వెళ్లి శుభ్రత నేర్పారు. పిల్లలు తాగే పాలు మంచివో కావో పరీక్షించారు. చందాలు పోగుచేసి పేదలకు మందులు కొనిచ్చారు. తల్లి క్షయతో మంచాన పడిన ఇంట్లో వంటావార్పూ చూసేందుకు పనిమనిషిని పెట్టి, జీతం తామే ఇచ్చారు.

1861లో అంతర్యుద్ధం వచ్చింది. ఆ ప్రాంతంలో ఒకే ఊరివాళ్లు, ఒకే కుటుంబం వాళ్లు రెండు సైన్యాల్లో చేరి ఒకరినొకరు చంపుకునే పరిస్థితి. ఆన్ సంఘాల స్త్రీలు ఏ పక్షమూ చేరలేదు. జబ్బుపడిన సైనికుడు ఏ రంగు యూనిఫాంలో ఉన్నా అన్నం పెట్టారు, గాయాలు కడిగారు. యుద్ధం ముగిసినా పగలు చల్లారలేదు. అందుకని 1868లో ఆమె ప్రంటీటౌన్ కోర్టు ఆవరణలో తల్లుల పేరిట ఒక స్నేహదినం జరిపింది. గొడవలు జరుగుతాయని చాలామంది భయపడ్డారు. అయినా నిన్నటి శత్రువులు తమ కుటుంబాలతో వచ్చి, చేతులు కలిపి, కంటతడి పెట్టుకుని ఇళ్లకు వెళ్లారు. సమాధానపరచేవారు ధన్యులని కొండమీద ప్రభువు చెప్పిన మాట అక్కడ కళ్లముందు జరిగింది.

ఆ తర్వాత గ్రాఫ్టన్ పట్టణంలోని ఆండ్రూస్ మెథడిస్టు చర్చిలో ఆమె పాతికేళ్లు సండేస్కూలు పిల్లల బాధ్యత చూసింది. 1905 మే 9న ప్రభువు సన్నిధికి వెళ్లింది. 1908 మే 10న అదే చర్చిలో తొలి మదర్స్ డే ఆరాధన జరిగింది. దానికోసం ఆమె కూతురు అన్నా జార్విస్, తల్లికిష్టమైన తెల్లని కార్నేషన్ పూలు 500 పంపింది. 1914లో అధ్యక్షుడు విల్సన్ దాన్ని దేశమంతటికీ ప్రకటించాడు. కాని పండుగ త్వరలోనే పూల దుకాణాల, గ్రీటింగ్ కార్డుల వ్యాపారమైపోయింది. దాన్ని ఎదిరించడంలోనే అన్నా తన ఆస్తినంతా పోగొట్టుకుని, 1948లో ఒక శానటోరియంలో కన్నుమూసింది.

యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిచ్చిన బట్టలు చూపించి ఏడ్చారని అపొస్తలుల కార్యాల్లో చదువుతాం. విశ్వాసికి మిగిలే జ్ఞాపకం అదే. మరి మన సంగతేమిటి? తల్లుల పండుగనాడు ప్రేమవిందు వండేదెవరు? గిన్నెలు తోమేదెవరు? చాలాచోట్ల ఆ తల్లులే. తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి శాలువా కప్పించుకుని, మళ్లీ పొయ్యి దగ్గరికి వెళతారు. ఆ ఒక్కరోజైనా చర్చిలోని మగవాళ్లం, యౌవనస్థులం గరిటె పట్టుకుందాం, బల్లలు తుడుద్దాం. మంచం దిగలేని వృద్ధమాత ఇంటికి భోజనం, మందులు పట్టుకెళదాం. పూలు సాయంత్రానికి వాడిపోతాయి. ఒక తల్లి భుజం మీంచి మనం దించిన బరువును ఆమె మరచిపోదు, దేవుడూ మరచిపోడు.