కప్ప గుండె చెప్పిన కబురు – ఓటో లోవీ జీవితం

బైపీసీ చదివిన రోజుల్లో మేము జువాలజీ ల్యాబ్‌లో కప్పను కోసేవాళ్ళం. ట్రేలో పిన్నులు గుచ్చి పరిచాక కూడా దాని గుండె కాసేపు కొట్టుకుంటూనే ఉండేది. చూడలేక పక్కకు తిరిగినవాళ్ళూ మాలో ఉన్నారు. అలాంటి కప్ప గుండెతోనే పెద్ద చిక్కుముడి విప్పిన ఓటో లోవీ గురించి ఈ సంచికలో హాస్టల్ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెప్పాలనుకున్నాం.

లోవీ 1873 జూన్ 3న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక యూదు వ్యాపారి ఇంట పుట్టారు. కళల చరిత్ర చదవాలని ఆయన కోరిక, వైద్యం చదవాలని ఇంట్లోవాళ్ళ పట్టు. చివరికి డాక్టరే అయ్యారు. ఆసుపత్రిలో క్షయ, న్యుమోనియా రోగులు సరైన మందు లేక కళ్ళముందే చనిపోవడం చూసి, చికిత్స మాని మందుల శాస్త్రంలోకి వచ్చారు. 1909లో ఆస్ట్రియాలోని గ్రాజ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు.

నాడి నుంచి అవయవానికి కబురు ఎలా చేరుతుంది? కరెంటులా దూకుతుందని అప్పట్లో చాలామంది నమ్మకం. ఏదో రసాయనం మోసుకెళుతుందేమోనని లోవీకి 1903లోనే అనుమానం. రుజువు చేసే దారి మాత్రం దొరకలేదు. పదిహేడేళ్ళ తర్వాత ఒక రాత్రి ఆ దారి కలలో కనిపించింది. లేచి కాగితం ముక్క మీద ఏదో గీకి పడుకున్నారు. తెల్లారి చూస్తే తన రాత తనకే అర్థం కాలేదు. (స్టడీ అవర్‌లో నిద్రమత్తులో రాసిన మన నోట్సు లాగానే!) మర్నాటి రాత్రి మూడు గంటలకు అదే ఆలోచన మళ్ళీ వచ్చింది. ఈసారి నేరుగా ప్రయోగశాలకు వెళ్ళారు.

రెండు కప్ప గుండెలను ఉప్పునీటి ద్రావణంతో కొట్టుకునేలా ఉంచారు. మొదటి గుండెకున్న వేగస్ నాడిని ప్రేరేపిస్తే అది నెమ్మదించింది. ఆ ద్రావణాన్ని తీసి, నాడి లేని రెండో గుండెలో పోశారు. అదీ నెమ్మదించింది! అంటే కబురు నీళ్ళలో కలిసి వచ్చిందన్నమాట. 1921లో ఈ ఫలితం అచ్చయింది. ఆ రసాయనం ఎసిటైల్ కోలిన్ అని తర్వాత తేలింది.

మాకు ఇంతకంటే గొప్పగా తోచేది 1926 నాటి పని. విడుదలైన రసాయనాన్ని ఒక ఎంజైము వెంటనే విరగ్గొడుతుందని లోవీ, నావ్రాటిల్ కలిసి చూపించారు. కబురు పంపడం ఎంత అవసరమో, పంపినదాన్ని చెరిపేయడమూ అంతే అవసరం. మెదడు చేసేదీ అదే. అది సుమారు 150 మిల్లీలీటర్ల మస్తిష్క మేరుద్రవంలో తేలుతుంటుంది. రోజుకు దాదాపు అర లీటరు ద్రవం కొత్తగా ఊరుతుంది, పాతది రక్తంలో కలిసిపోతుంది. నాడీకణాలు వదిలిన ప్రసారకాలు ఆ ద్రవాన్ని ముంచెత్తకూడదు. అందుకే కొన్నింటిని ఎంజైములు విరగ్గొడతాయి. డోపమిన్, సెరటోనిన్ వంటివాటిని వదిలిన కణాలే తిరిగి పీల్చుకుంటాయి. గ్లుటమేట్‌ను పక్కనున్న గ్లియా కణాలు లాగేసుకుంటాయి. మిగిలిన తుక్కు కొంత ద్రవంలోకి చేరుతుంది. నడుము దగ్గర సూదితో ఆ ద్రవం తీసి, డోపమిన్ విరిగితే వచ్చే హోమోవనిలిక్ ఆమ్లం ఎంతుందో కొలిచి, మెదడులో డోపమిన్ వాడకాన్ని వైద్యులు అంచనా వేస్తారు. లోవీ ఉప్పునీటిని అడిగిన ప్రశ్ననే వీళ్ళు వెన్నులోని నీటిని అడుగుతున్నారు.

1936లో హెన్రీ డేల్‌తో కలిసి నోబెల్ బహుమతి వచ్చింది. రెండేళ్ళు తిరక్కుండానే, 1938 మార్చిలో, ఆస్ట్రియా నాజీల చేతిలోకి పోయింది. ఆ రాత్రే ఆయుధాలతో వచ్చి ఆయన్ను జైల్లో వేశారు. ఇద్దరు కొడుకులనూ పట్టుకెళ్ళారు. ఆయన చేసిన తప్పు యూదుడిగా పుట్టడం. పుట్టుకతో మనిషిని తూచడం ఎంత ఘోరమో మన హాస్టళ్ళలో చదివినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. చంపేస్తారనుకున్న ఆయన కాపలావాడిని ఒక పోస్టుకార్డు, కలం అడిగి తీసుకున్నారు. అప్పటికి అచ్చుకాని తన ప్రయోగ ఫలితాలను దాని మీద రాసి ఒక సైన్సు పత్రికకు పంపించాకే ఆయన మనసు కుదుటపడింది.

దాదాపు రెండు నెలలకు వదిలారు. నోబెల్ సొమ్మంతా నాజీల బ్యాంకుకు రాసిచ్చాకే దేశం దాటనిచ్చారు. 65 ఏళ్ళ వయసులో చేతిలో ఏమీ లేదు. భార్య 1941లో గానీ ఆయన్ను చేరుకోలేకపోయారు. 1940 నుంచి న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో పాఠాలు, పరిశోధన మళ్ళీ మొదలుపెట్టారు. 1961 డిసెంబరు 25న, 88 ఏళ్ళ వయసులో, ఆ నగరంలోనే కన్నుమూశారు.