చెకుముకి తుపాకుల రాజు పదమూడో లూయీ

ఫ్రాన్స్ చరిత్రలో పదమూడో లూయీ పేరు చాలా వరకు మంత్రి రిషెల్యూ చాటునే వినిపిస్తుంది. పురాతన వేట తుపాకులను సేకరించేవారి లెక్క వేరు. ఒక పాత తుపాకీ ఆయన ఆయుధశాలలోనిదని తేలితే చాలు, దాని స్థాయి మారిపోతుంది.

1601 సెప్టెంబరు 27న ఫాంటెన్‌బ్లో ప్రాసాదంలో జన్మించిన లూయీకి ఎనిమిదేళ్లకే కిరీటం దక్కింది. 1610 మే 14న తండ్రి నాలుగో హెన్రీని ప్యారిస్ వీధిలో ఒక హంతకుడు కత్తితో పొడిచి చంపాడు. అధికారం తల్లి మేరీ ద మెడిచికి, ఆమె ప్రాపకంతో ఎదిగిన ఇటలీ దేశీయుడు కాన్సినీకి చిక్కింది. మాట తడబడే బాలరాజును కొలువులో లెక్కచేసినవారు తక్కువ. డేగలు, వేటకుక్కలు, తుపాకులే ఆయనకు కాలక్షేపం. పుట్టుక నుంచి వెన్నంటి ఉన్న వైద్యుడు ఎరువార్ దినచర్య గ్రంథంలో ఈ మోజు తరచుగా కనిపిస్తుంది. తుపాకులను పోగుచేసి దాచుకోవడంతో రాజు ఆగలేదు. స్వయంగా విప్పి, భాగాలు పరిశీలించి, తిరిగి బిగించేవాడు.

ఆ ఆసక్తికి తగిన పనివారు నార్మండీ ప్రాంతంలోని లిజ్యూ అనే చిన్న పట్టణంలో ఉన్నారు. వారు బూర్జ్వా సోదరులు మారన్, జాన్, పియర్. చిత్రకారుడు కూడా అయిన మారన్‌కు నాలుగో హెన్రీ 1608లో లూవ్ర్ ప్రాసాదంలో వసతి ఇచ్చాడు. అప్పటికి వాడుకలో ఉన్న చక్రపు తుపాకీ గడియారమంత క్లిష్టం, ఖరీదైనది. చెకుముకి రాయితో పేలే తొలి రకాల్లో నిప్పురవ్వ రాల్చే ఉక్కు పలక, మందుగిన్నె మూత వేర్వేరుగా ఉండేవి. లిజ్యూ పనితనం ఆ రెండింటినీ ఒకే ముక్కగా చేసింది. రాయి తగలగానే పలక వెనక్కి వాలుతుంది, అదే క్షణంలో గిన్నె తెరుచుకుంటుంది. అంతవరకు మందుకు గాలివాన భయం లేదు. సుత్తిని సగంలో నిలిపి ఉంచే ఏర్పాటు వల్ల నింపిన తుపాకీతో వేటకు వెళ్లడమూ సురక్షితమైంది. సుమారు 200 ఏళ్లు ఐరోపా సైన్యాలు ఈ పద్ధతినే వాడాయి. 1757లో బుస్సీ సేన బొబ్బిలి కోటను చుట్టుముట్టినప్పుడు సిపాయిల చేతిలో ఉన్నవి ఈ జాతి తుపాకులే.

రాజు జీవితంలో తుపాకీ వేటకే పరిమితం కాలేదు. 1617 ఏప్రిల్ 24న ఆయన అనుమతితోనే లూవ్ర్ వాకిట కాన్సినీని పిస్తోళ్లతో కాల్చి చంపారు. పదిహేనేళ్ల లూయీ అసలైన రాజయ్యాడు. 1624లో రిషెల్యూ ముఖ్యమంత్రి కాగా, 1628లో సుదీర్ఘ ముట్టడి తరువాత లా రోషెల్ నగరం లొంగిపోయింది. తల్లితో వైరం మాత్రం ఆమె ప్రవాసంలో మరణించే దాకా తీరలేదు. తండ్రి హతుడైన తేదీనే, 1643 మే 14న, లూయీ కన్నుమూశాడు.

తరువాత పద్నాలుగో లూయీ కాలంలో, 1673లో ఆయుధశాలకు జాబితా తయారైంది. ప్రతి తుపాకీ కర్రదిమ్మె మీద వరుస సంఖ్య అచ్చు వేశారు. లెక్క కోసం చేసిన ఆ పనే నేటి నిపుణులకు ప్రధాన ఆధారం. కారణం, సేకరణ చెల్లాచెదురైంది. 1789 జూలై 13న, బాస్టీల్ పతనానికి ముందురోజు, ఆయుధాలు వెదుకుతున్న జనం రాజవస్తు భాండారంలోకి చొరబడ్డారు. 1815లో ప్యారిస్ చేరిన విదేశీ సైనికులు మరికొన్ని పట్టుకుపోయారు. గొట్టం, యంత్రం ఎంత చక్కగా మిగిలినా, ఎవరైనా పాత దిమ్మె మార్చి ఉంటే ఆనవాలు పోయినట్టే. అందుకే అనుభవజ్ఞులు నగిషీ కన్నా ముందు కర్రను పరీక్షిస్తారు.

లిజ్యూ సోదరుల పేరు పండితుల చర్చలో స్థిరపడింది కూడా ఆలస్యంగానే. 1939లో స్వీడన్ పరిశోధకుడు టార్స్టెన్ లెంక్ చెకుముకి తుపాకీపై వెలువరించిన గ్రంథం అందుకు దోహదం చేసింది. 1972 నవంబరులో, అమెరికా సేకర్త విలియం రెన్విక్ మరణానంతరం లండన్‌లోని సోథ్‌బీస్ వేలంలో పియర్ చేసినదిగా భావించే లూయీ వేట తుపాకీ 1,25,000 పౌండ్లు పలికింది. అప్పటికి ఏ తుపాకీకీ అంత ధర రాలేదు. ఇప్పుడది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. దాని దిమ్మె మీది సంఖ్య 134.