జీకే బిట్‌లో ఒక్క లైన్.. బిడ్డ తొలి ఊపిరిలో ఆయన కనిపెట్టిన ఇంధనం! ఎవరీ యల్లాప్రగడ సుబ్బారావు?

అశోక్‌నగర్, చిక్కడపల్లిలో రూములు తీసుకుని గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్లకి యల్లాప్రగడ సుబ్బారావు అంటే ఒక జీకే బిట్. ఏటీపీ కనుగొన్న తెలుగువాడు.. టిక్ పెట్టేసి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతారు. కానీ ఆ ఏటీపీ ఏం చేస్తుందో తెలియాలంటే పాత ముషీరాబాద్ జైలు స్థలంలో కట్టిన గాంధీ ఆస్పత్రి ప్రసూతి వార్డునే తీసుకోండి. అక్కడ పుట్టే ప్రతి బిడ్డ తొలి ఊపిరికీ అదే ఇంధనం.

ఎలాగంటారా? కడుపులో ఉన్నంతకాలం బిడ్డ ఊపిరితిత్తుల్లో గాలి ఉండదు, నీరే ఉంటుంది. చాలామంది అనుకుంటున్నట్టు అది బిడ్డ మింగిన ఉమ్మనీరు కాదు. ఊపిరితిత్తుల లోపలి పొరే క్లోరైడ్‌ను వదులుతుంది, దాని వెంట నీరు వచ్చి చేరుతుంది. ఆ నీరు నిండి ఉండటం వల్లే ఊపిరితిత్తులు సరిగ్గా పెరుగుతాయి. అయితే బిడ్డ బయటికొచ్చేసరికి అది ఖాళీ అవ్వాలి, గాలికి చోటివ్వాలి.

ఇక్కడ స్విచ్ వేసేవి హార్మోన్లు. నెలలు నిండేకొద్దీ కార్టిసోల్, థైరాయిడ్ హార్మోన్లు ఆ పొరను రెడీ చేస్తాయి. నొప్పులు మొదలయ్యాక బిడ్డ ఒంట్లో అడ్రినలిన్ ఒక్కసారిగా పెరుగుతుంది. దాంతో సోడియం గేట్లు తెరుచుకుంటాయి. ఉప్పు ఎటు పోతే నీరూ అటే. కణంలోకి వచ్చిన సోడియంను అవతలివైపుకి తోడే పంపు ఒకటి ఉంది. ఒక్క ఏటీపీ ఖర్చుతో అది 3 సోడియం అయాన్లను బయటికి పంపి, 2 పొటాషియం అయాన్లను లోపలికి లాక్కుంటుంది. హార్మోన్ ఎంత గట్టిగా చెప్పినా.. ఏటీపీ లేకపోతే పంపు తిరగదు.

ఆ ఏటీపీని వెలికితీసిన వాళ్లలో ఒకరు సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువులో మొదటి నుంచి టాపర్ ఏమీ కాదు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారు. అశోక్‌నగర్ కుర్రాళ్లకి ఈ మాట కాస్త ధైర్యమే! చిన్నప్పుడే తండ్రి పోతే, తల్లి వెంకమ్మ కష్టపడి చదివించారు. ఆ తర్వాత మద్రాస్ మెడికల్ కాలేజీ. గాంధీజీ పిలుపుతో ఖద్దరు సర్జికల్ గౌను వేసుకుని వెళ్తే ఓ బ్రిటిష్ ప్రొఫెసర్‌కి కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్ చేతికి రాలేదు, దానికన్నా తక్కువైన ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. అదే గాంధీ పేరు మీద ఇవాళ ముషీరాబాద్‌లో ఆస్పత్రి ఉంది.

ఆ రోజుల్లోనే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. దాన్ని ఆయన మర్చిపోలేదు. భార్యను ఇక్కడే వదిలి 1922లో బోస్టన్ చేరుకున్నారు. ఆ దంపతులు మళ్లీ కలుసుకోలేదు. చదువుకుంటూనే ఆస్పత్రిలో నైట్ పోర్టర్‌గా పనిచేశారు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర చేరాక అసలు కథ మొదలైంది. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే తేలికైన పద్ధతి తెచ్చారు. రంగు ఎంత చిక్కగా వస్తే ఫాస్ఫరస్ అంత ఎక్కువ.. సింపుల్. ల్యాబుల్లో ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అంటే ఇదే. దీంతోనే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ని, 1929లో ఏటీపీని పట్టుకున్నారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు. కాబట్టి క్రెడిట్ మొత్తం మనవాడికే అనడం కరెక్ట్ కాదు. కానీ ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు పర్మనెంట్ పోస్టు ఇవ్వలేదన్నది మాత్రం నిజం.

1940లో లెడర్లీ ల్యాబ్స్‌కి మారారు. అక్కడి జాబితా చాలామందికి తెలిసిందే. స్ప్రూ చికిత్సకు పనికొచ్చిన ఫోలిక్ యాసిడ్ తయారీ, బోదకాలుకి హెట్రజాన్, ఆరియోమైసిన్ యాంటీబయాటిక్, క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్‌కి దారి.. అన్నీ ఆయన టీమ్ నుంచే. సోదరులను తీసుకెళ్లిన జబ్బుకి మందు దొరికింది, కానీ పాతికేళ్లు ఆలస్యంగా. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో నిద్రలోనే గుండెపోటుతో పోయారు. వయసు 53.

ఏటీపీతో తిరిగే ఆ సోడియం పంపును డెన్మార్క్ శాస్త్రవేత్త జెన్స్ స్కౌ 1957లో గుర్తించారు. 1997లో ఆయనకు నోబెల్ వచ్చింది. అడ్రినలిన్ వల్ల ఊపిరితిత్తుల్లోని నీరు వెనక్కి పోతుందన్న సంగతి గొర్రె పిల్లల మీద పరిశోధనల్లో తేలేటప్పటికి సుబ్బారావు పోయి చాలా ఏళ్లయింది.

ఇదంతా మనకెందుకు అంటే.. తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. తల్లినో బిడ్డనో కాపాడటానికి ఆపరేషన్ తప్పనిసరైతే వేరే మాట లేదు. కానీ నొప్పులే రాకుండా, ముహూర్తం చూసి ముందే తీసేస్తే బిడ్డకు ఆ హార్మోన్ల పొంగు సరిగ్గా అందదు. నీరు కొంత మిగిలిపోయి, బిడ్డ నిమిషానికి 60కి మించి ఊపిరి తీస్తూ ఆయాసపడుతుంది. ఎక్కువ మందికి రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది కానీ, కొందరికి ఆక్సిజన్ పెట్టాల్సి వస్తుంది. అందుకే వైద్య కారణం లేకపోతే ప్లాన్డ్ సిజేరియన్ 39 వారాలు నిండాకే చేయాలంటారు డాక్టర్లు. నెలలు నిండకుండానే కాన్పు అయ్యేలా ఉంటే తల్లికి ఇచ్చే డెక్సామెథాసోన్ ఇంజెక్షన్ చేసేదీ ఇలాంటి పనే. కార్టిసోల్ చేయాల్సిన పనిని అది ముందుగానే మొదలుపెడుతుంది. 12 గంటలకు ఒకటి చొప్పున మొత్తం 4 డోసులు.