ఆకుకూరలోని బలాన్ని లోకానికి పంచిన మన సుబ్బారావుగారు

ప్రపంచమంతటికీ మేలు చేసిన తెలుగు శాస్త్రవేత్తల్లో ముందు వరుసలో నిలిచేవారు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన జీవితాన్ని మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో రాయాలని మేము అనుకోవడానికి కారణం ఉంది. పేదరికం, జబ్బు, ఇంటికి దూరంగా ఉండి చదువుకోవడం, ఈ మూడూ ఆయనకు తెలుసు. ఇవి మనకూ కొత్త కాదు. పైగా మన పళ్లెంలోకి వచ్చే ఆకుకూర పప్పుకూ, ఆయన పరిశోధనకూ దగ్గరి సంబంధం ఉంది.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ ఇబ్బందే. పదమూడేళ్ల వయసులో ఆయన కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి సంపాదించాలని ఇల్లు విడిచి వెళ్లిపోయారు. తల్లి ఆయన్ను వెనక్కి రప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టింది. మెట్రిక్ పరీక్షలో రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. పరీక్ష తప్పిన తమ్ముళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

తరువాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్, ఆపైన మద్రాసు మెడికల్ కాలేజీలో వైద్యం చదివారు. స్నేహితులు, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు ఆయన చదువుకు డబ్బు సాయం చేశారు. మూర్తిగారి కుమార్తె శేషగిరినే ఆయన 1919లో పెళ్లి చేసుకున్నారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు బట్టతో ఆపరేషన్ గదికి వెళ్లడం సర్జరీ ప్రొఫెసరుకు నచ్చలేదు. చివరకు ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ స్థాయి పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఆ కుటుంబాన్ని అసలు దెబ్బతీసింది స్ప్రూ అనే పేగుల జబ్బు. సుబ్బారావుగారి అన్నదమ్ములిద్దరు ఈ జబ్బుతో ఎనిమిది రోజుల తేడాలో చనిపోయారు. కొంతకాలానికి ఆయనకూ అదే జబ్బు వచ్చింది. ప్రసిద్ధ ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సతో ఆయన బతికి బయటపడ్డారు. అన్నదమ్ములను ఎందుకు కాపాడుకోలేకపోయామన్న ప్రశ్న మాత్రం ఆయన్ను వదలలేదు.

ఈ జబ్బు ఎలా చంపుతుందో తెలుసుకుంటే ఆహారం విలువ అర్థమవుతుంది. మన పేగుల లోపలి పొర కొద్ది రోజులకోసారి కొత్తగా తయారవుతుంది. రక్తంలోని ఎర్రకణం బతికేది దాదాపు 120 రోజులు. అందుకే ఎముకల మజ్జ నిత్యం కొత్త కణాలు చేస్తూనే ఉండాలి. కొత్త కణం పుట్టాలంటే ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ కావాలి. స్ప్రూ వచ్చినవారి పేగులు దెబ్బతిని ఆ విటమిన్‌ను పీల్చుకోలేవు. అది అందక పేగుల పొర సరిగా బాగుపడదు. పొర బాగుపడక తిన్నది ఒంటికి పట్టదు. రక్తం తగ్గి, మనిషి చిక్కి శల్యమవుతాడు. ముందే బలహీనంగా ఉన్న ఒంటికి తట్టుకునే వ్యవధి కూడా ఉండదు.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన భరోసాతో, మామగారు సమకూర్చిన డబ్బుతో సుబ్బారావుగారు 1922 అక్టోబరు 26న అమెరికాలోని బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో చదువుకుంటూనే, పొట్టపోసుకోవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. ఏ పనీ చిన్నది కాదని మనం చెప్పుకుంటాం, ఆయన చేసి చూపించారు. 1925లో ఫిస్కేగారితో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అనే పదార్థాలను కూడా వారిద్దరూ గుర్తించారు. 1930లో డాక్టరేట్ వచ్చింది. 1940లో ఆయన లెడర్లే మందుల కంపెనీలో చేరి, అక్కడి పరిశోధన మొత్తానికి పెద్ద అయ్యారు.

ఫోలిక్ యాసిడ్ కథ ఒక్కరిది కాదు. మొదటి ఆధారం మన దేశంలోనే దొరికింది. లూసీ విల్స్ అనే ఇంగ్లండు వైద్యురాలు బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకు రక్తం ఎందుకు తగ్గుతోందో పరిశోధించారు. ఈస్టు సారం పెడితే వారికి రక్తం పడుతోందని 1931లో ప్రకటించారు. 1941లో అమెరికా శాస్త్రవేత్తలు పాలకూర నుంచి ఆ పదార్థాన్ని తీసి, లాటిన్‌లో ఆకు అనే అర్థం వచ్చే మాటతో దానికి పేరు పెట్టారు. 1945లో సుబ్బారావుగారి బృందం దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. దాంతో కావలసినంత విటమిన్ చేతికొచ్చింది. స్ప్రూ రోగులకు ఇచ్చి చూస్తే రక్తం పెరిగి తేరుకున్నారు. అన్నదమ్ములకు అందనిది లోకానికి అందింది.

అయితే ఒక్క విటమిన్‌తోనే అన్నీ నయమవుతాయని సుబ్బారావుగారి పరిశోధన చెప్పలేదు. రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో ఫోలిక్ యాసిడ్ జబ్బును ఇంకా పెంచుతోందని డాక్టర్ సిడ్నీ ఫార్బర్‌కు అనిపించింది. క్యాన్సర్ కణం కూడా పెరగడానికి అదే విటమిన్ వాడుకుంటుంది. అందుకే దాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను సుబ్బారావుగారి బృందం చేసి ఇచ్చింది. దానితో 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గిందని 1948లో ఫార్బర్ ప్రకటించారు. అదే ఏడాది లెడర్లే నుంచి ఆరియోమైసిన్ అనే టెట్రాసైక్లిన్ జాతి మందు వచ్చింది. నేటికీ స్ప్రూకు డాక్టర్లు ఇచ్చేది ఫోలిక్ యాసిడ్, దానితోపాటు టెట్రాసైక్లిన్ మందు. ఒంటికి బలం ఒకటి, క్రిమికి దెబ్బ ఒకటి, రెండూ కావాలి. మన ఊళ్లలో బోదకాలు రాకుండా పంచే డి.ఇ.సి. మాత్ర కూడా ఆయన బృందం తెచ్చినదే.

సుబ్బారావుగారు 1948 ఆగస్టులో న్యూయార్కులో గుండెపోటుతో మరణించారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు. సొంత ఊరికి, భార్య దగ్గరకు మళ్లీ రానేలేదు. పేరు కోసం పాకులాడని మనిషి కావడంతో మన దేశంలో చాలామందికి ఆయన ఎవరో తెలియకుండానే ఏళ్లు గడిచాయి. 1995లో ఆయన శతజయంతికి తపాలాశాఖ స్టాంపు విడుదల చేసింది.

ఇక మన సంగతి. పదేళ్ల నుంచి పంతొమ్మిదేళ్ల వరకు వయసున్న పిల్లలకు వారానికొకసారి ఇచ్చే నీలం రంగు మాత్రలో ఇనుముతోపాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. కడుపులో తిప్పుతుందని దాన్ని కిటికీలోంచి పారేసేవాళ్లు మనలో ఉన్నారు. అన్నం తిన్నాక వేసుకుంటే ఆ ఇబ్బంది తగ్గుతుంది. మన మాదన్నపేట కూరగాయల మార్కెట్లో తోటకూర, పాలకూర కట్టలు దొరుకుతాయి. శనగలు, పెసలు, పల్లీలు, గుడ్డు, కార్జం కూడా ఈ విటమిన్ ఇచ్చేవే. ఇది నీళ్లలో కరిగిపోతుంది, ఎక్కువ వేడికి పాడవుతుంది. కాబట్టి ఆకుకూర ఉడికించిన నీళ్లు పారబోయకుండా పప్పులోనే వండాలి. పప్పులో ఆకులు ఏరి పళ్లెం పక్కన పెట్టే అలవాటు మనం మానుకోవాలి.

క్షయ విషయంలోనూ ఇదే నిజమని ఈమధ్య తేలింది. జార్ఖండ్‌లో 2019 నుంచి 2022 వరకు 2,800 మంది క్షయ రోగుల ఇళ్లలో పరిశోధన జరిగింది. రోగితోపాటు ఇంట్లోని మిగతావారికి కూడా నెలనెలా బియ్యం, పప్పు అందించిన ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గిందని 2023లో ప్రకటించారు. హాస్టల్ విడిచి గదుల్లో ఉంటూ ఉద్యోగాలు వెతుక్కునే మన అన్నలు టీ, బన్నుతో పూట గడుపుతుంటారు. వారు ఈ లెక్క ఒక్కసారి ఆలోచించాలి. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే మాత్రం తిండితోనే తగ్గుతుందని కూర్చోకుండా ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష చేయించుకోవాలి.

ఏ జబ్బు ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. వచ్చిన రోజున ఎదుర్కొనే బలం మాత్రం అంతకు ముందు నెలలు, ఏళ్లు మనం తిన్న తిండిలోంచే రావాలి. కూర బాగాలేకపోతే వార్డెన్‌గారిని మర్యాదగా అడుగుదాం, బాగుంటే కడుపునిండా తిందాం. తమ్ముళ్లూ, రేపటి నుంచి ఎవరి పళ్లెం పక్కనా ఆకులు మిగలకుండా చూసుకుందాం. సుబ్బారావుగారికి మన హాస్టల్ తరఫున ఇవ్వగలిగిన నివాళి ఇదేనని మేము నమ్ముతున్నాం.