బువ్వన్న గారి అమ్మాయి

కోనసీమ వారికి డొక్కా సీతమ్మ గారిని కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. అయితే ఆమె అన్నదానం అత్తవారింట మొదలైనది కాదు, పుట్టింటి నుంచి వెంట వచ్చినది. 1841లో మండపేటలో జన్మించారు. తండ్రి అనుపిండి భవానీశంకరం గారు. వచ్చినవారందరికీ అన్నం పెట్టడం చూసి ఊరివారు ఆయన్ని బువ్వన్న గారనే పిలిచేవారట. తల్లి చిన్నతనంలోనే పోవడంతో ఇంటి పనులన్నీ సీతమ్మ గారి మీద పడ్డాయి. లంకల గన్నవరం వాస్తవ్యులు డొక్కా జోగన్న గారు ఒకనాడు వేళ దాటాక ఆ ఇంటికి వెళ్ళి, ఆ పిల్ల చేసిన ఆదరణ చూసే పెళ్ళాడారని చెబుతారు.

గన్నవరం గోదావరి పాయల నడుమ ఊరు. పడవ దాటి ఏ రాత్రికో వచ్చినవారికి కూడా ఆమె కులగోత్రాలు అడగకుండా పొయ్యి వెలిగించి వండిపెట్టేవారు. క్యాంపుల మీద తిరిగిన మనకు, వేళ తప్పి చేరిన ఊళ్ళో వేడి అన్నం విలువ ఒకరు చెప్పాలా?

ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరారట. దారిలో ఆకలికి ఏడుస్తున్న పిల్లలను, గన్నవరం చేరితే సీతమ్మ గారింట భోజనం దొరుకుతుందని పెద్దలు ఊరడించడం ఆమె చెవిన పడింది. దర్శనం మాట మరిచి వెనక్కు తిరిగారు. వాళ్ళకంటే ముందే ఇల్లు చేరి వంట చేశారు.

ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక మహోత్సవానికి పిలుపు వచ్చినా వెళ్ళలేదని, ఆమె ఛాయాచిత్రం తీసి పంపారని అందరూ గొప్పగా చెబుతారు. నాకు మాత్రం అంతర్వేది సంగతే పెద్దది.

1909లో కన్నుమూశారు. గన్నవరం అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆ పేరే పెట్టింది.