పిల్లల మాట విన్న మాస్టారు

పిల్లలూ,

మీరు పాపటోయిటోయిలో ఉంటున్నారు. బడిలో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. ఇప్పుడు ఒకటి ఊహించుకోండి. మీకు ఇంటి భాష ఒక్కటే వచ్చు. బడిలో టీచరు చెప్పేది ఒక్క ముక్క అర్థం కాదు. మీ భాషలో ఒక్క పుస్తకం కూడా లేదు. అప్పుడు ఏం చేస్తారు?

నూట ముప్పై ఏళ్ళ కిందట సవర పిల్లలకు ఇదే కష్టం వచ్చింది. వాళ్ళ కోసం కొత్త పాఠాలు తయారుచేసిన మాస్టారి పేరు గిడుగు వెంకట రామమూర్తి.

ఆయన 1863 ఆగస్టు 29న పర్వతాలపేటలో పుట్టారు. ఆ ఊరు ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలో ఉంది. చిన్నప్పుడే నాన్నగారు చనిపోయారు. విజయనగరంలో చదువుకున్నారు. తర్వాత గొప్ప కవి అయిన గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయన తోటి విద్యార్థి. రామమూర్తిగారు 1880లో పర్లాకిమిడిలో టీచరుగా చేరారు. ఆ ఊరు ఇప్పుడు ఒడిశాలో ఉంది.

పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలు ఉంటారు. వాళ్ళ భాష తెలుగులాంటిది కాదు. అప్పట్లో దానికి లిపి కూడా లేదు. మరి పాఠం ఎలా రాయాలి? మాస్టారు ముందు తానే విద్యార్థి అయ్యారు. సవర మాట్లాడే మనిషిని తన ఇంట్లోనే ఉంచుకుని, ఆ భాష నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి మాటలు, పాటలు, కథలు సేకరించారు. ఆ తర్వాతే సవర పిల్లల కోసం పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో బళ్ళు పెట్టి, టీచర్లకు జీతాలిచ్చారు. ప్రభుత్వం పారితోషికం ఇస్తానంటే తనకు వద్దన్నారు. ఆ డబ్బుతో సవరలకు బడి నడపమని అడిగారు.

దీనికి ఆయన పెద్ద మూల్యమే చెల్లించారు. అడవుల్లో జ్వరాలు వచ్చేవి. వాటికి క్వినైన్ మందు ఎక్కువగా వాడటంతో వినికిడి దెబ్బతింది. చెవితో విని భాష నేర్చుకున్న మనిషికి చెవుడు వచ్చింది! అయినా పని ఆపలేదు. కొడుకు సీతాపతిగారు కూడా సవర భాష మీద పనిచేశారు.

తెలుగు పిల్లలకూ ఒక ఇబ్బంది ఉండేది. ఇంట్లో వస్తున్నాడు అంటారు. పుస్తకంలో మాత్రం వచ్చుచున్నాడు అని ఉండేది. 1907లో బళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చిన ఏట్స్ దొరగారికి ఈ తేడా ఎందుకో అర్థం కాలేదు. విశాఖపట్నంలో కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగారు. ఆయన రామమూర్తిగారి పేరు, గురజాడవారి పేరు చెప్పారు. అలా ఒక ఇన్‌స్పెక్టరు, ఒక ప్రిన్సిపాలు, ఒక కవి, ఒక బడిపంతులు కలిసి ఆలోచించారు. పిల్లలకు వాడుకభాషలోనే చదువు చెప్పాలని నలుగురూ కోరారు.

చాలామంది పండితులు ఒప్పుకోలేదు. ఏళ్ళ తరబడి వాదనలు జరిగాయి. రామమూర్తిగారు సభల్లో మాట్లాడారు, 1919లో తెలుగు అనే పత్రిక పెట్టారు. 1940 జనవరి 22న ఆయన కన్నుమూశారు. బడి పుస్తకాల్లోకి వాడుకభాష పూర్తిగా వచ్చింది ఆ తర్వాత చాలా ఏళ్ళకే. ఆయన పుట్టినరోజే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం.

మీరుండే దేశంలోనూ ఇలాంటి కథ ఉంది. ఒకప్పుడు బడిలో మావోరీ మాట్లాడిన పిల్లల్ని శిక్షించేవారు. 1982లో కోహంగా రియో బళ్ళు మొదలయ్యాయి. ఆ పేరుకు భాషాగూడు అని అర్థం. అక్కడ ఇంటి పెద్దలూ టీచర్లూ కలిసి పిల్లలకు మావోరీలోనే నేర్పుతారు.

మీ తెలుగు టీచర్లూ అంతే. మీకు ఏది అర్థమైందో, ఏది కాలేదో చెబితేనే వాళ్ళు మంచి పాఠం చేయగలరు. అర్థం కాకపోతే సిగ్గుపడకుండా చెప్పండి.

మాటల అర్థాలు
వాడుకభాష: రోజూ మాట్లాడుకునే భాష
పారితోషికం: చేసిన పనికి మెచ్చి ఇచ్చే డబ్బు
మూల్యం: వెల, ఖరీదు

మీ వంతు
1. రామమూర్తిగారు పాఠాలు రాసే ముందు ఏం చేశారు?
2. మీ ఇంట్లో వాడే ఒక తెలుగు మాటను అమ్మమ్మనో తాతయ్యనో అడిగి రాయండి. పక్కనున్న స్నేహితులతో కలిసి, ఆ మాట నేర్పే చిన్న పాఠం తయారుచేయండి.