బరంపురం గిరి.. బ్యాంకుల సంతకం

సోషలిజం అనగానే మనవాళ్లలో చాలామందికి ఒకటే భయం. ఉన్నవాడి దగ్గర లాక్కోవడమేనని, పొద్దస్తమానం సమ్మెలేనని. 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి జీవితం చూస్తే సంగతి వేరుగా కనబడుతుంది.

బరంపురం అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోది. ఒడిశాలో కలిసింది 1936లో. తండ్రి జోగయ్య పంతులు పేరున్న ప్లీడరు. గిరి కూడా 1913లో లా చదవడానికి ఐర్లండు వెళ్లారు. చదివింది లా, ఒంటబట్టింది కార్మికోద్యమం! 1916 డబ్లిన్ తిరుగుబాటు తర్వాత ఆ దేశం విడవాల్సి వచ్చింది. ఇంటికొచ్చి నల్లకోటు తొడిగినా మనసంతా రైల్వే కార్మికుల మీదే. బెంగాల్ నాగపూర్ రైల్వేలో కొలువులు పోయినవారి కోసం 1928లో సమ్మె నడిపారు. హింస లేకుండానే కంపెనీ దిగొచ్చింది. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజానే ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక శాఖ చేపట్టారు.

అలాగని ఆయన సమ్మెల మనిషి కాదు. యజమాని, కార్మికుడు ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి, సర్కారు బలవంతంగా తీర్పులు రుద్దకూడదు అనేది ఆయన పట్టు. 'గిరి పద్ధతి' అన్న పేరే పడిపోయింది దానికి. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యాక సాటి మంత్రులకే అది రుచించలేదు. విచిత్రమేమిటంటే, ట్రిబ్యునళ్లంటే అంతగా గిట్టని మనిషి, బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును సర్కారు మార్చేసిందని 1954లో మంత్రి పదవినే వదులుకున్నారు.

పదిహేనేళ్లకు ఆ బ్యాంకులే మళ్లీ ఎదురొచ్చాయి. 1969 జులై 19న 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు. నిర్ణయం ఇందిరాగాంధీది, సంతకం తాత్కాలిక రాష్ట్రపతి గిరిది. డిపాజిట్లు ఎక్కడికీ పోలేదు, మారింది యాజమాన్యమే. తర్వాత తెచ్చిన చట్టాన్ని 1970 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొట్టేస్తే, పరిహారం సంగతి సరిచేసి మళ్లీ తెచ్చారు. 1969లో దేశమంతా కలిపి 8 వేల పైచిలుకు ఉన్న బ్యాంకు శాఖలు 1990 నాటికి 59 వేలు దాటాయి. వడ్డీ వ్యాపారి తప్ప దిక్కులేని పల్లెల్లో రైతుకు బ్యాంకు అప్పు పుట్టింది. మొండి బకాయిలూ పేరుకున్నాయి, అది దాచేదేం లేదు.

సంతకం పెట్టిన మర్నాడే గిరి రాజీనామా చేసి, రాష్ట్రపతి ఎన్నికలో స్వతంత్రుడిగా దిగారు. కాంగ్రెస్ అభ్యర్థి నీలం సంజీవరెడ్డిని ఓడించారు. ఇద్దరూ తెలుగువారే! 1974 దాకా ఆ పదవిలో ఉన్నారు. 1975లో భారతరత్న వచ్చింది. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు.